మే నెల్లో కూడా పారే గెడ్డ కావాలంట!

ఇటుకల పండగ రోజులు. మగవాళ్లు వేటకెళ్లారు. మా ఊరి ఆడపిల్లలు ఘాట్ రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్లని ఆపుతున్నారు. మన దగ్గర ప్రతి చైత్రంలో జరిగేదే. లారీవాడు పదో ఇరవయ్యో ఇస్తాడు, టూరిస్టులు ఫొటో దిగి యాభై ఇస్తారు, కర్ర లేస్తుంది, బండి కదులుతుంది. ఆ రోజు ఒక తెల్ల కారు ఆగింది. అద్దం దించి ఏకంగా ఐదొందల నోటు ఇచ్చాడు. పిల్లలు ఒకటే కేకలు, చప్పట్లు.

డబ్బులిచ్చినాయన వెంటనే వెళ్లిపోలేదు. పక్కన నిలబడ్డ నన్ను పిలిచాడు.

"ఏటి తమ్ముడూ, ఆ కింద కనిపిస్తున్న గెడ్డ మే నెల్లో కూడా పారతాదా?"

"పారతాది సార్. మా తాతల కాలం నుంచి ఎండిందే లేదు" అన్నాను. గొప్పగానే అన్నాను. సొంత ఊరి గెడ్డ గురించి ఎవరికుండదు గొప్ప.

మే నెల దాటకుండానే ఆ గెడ్డ పక్కన మా చిన్నాన్న గరువులో సిమెంటు స్తంభాలు లేచాయి. చుట్టూ ముళ్ల కంచె. లోపల రంగు రంగుల టెంట్లు, బొంగు చికెన్ బోర్డు, రాత్రి సీరియల్ లైట్లు. ఐదొందలిచ్చింది పండగ మామూలు కింద కాదు, నీళ్ల సర్వే ఫీజు కింద అని నాకు అప్పుడు తెలిసింది. సర్వే చేసిపెట్టింది నేనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందుకే ఇది రాస్తున్నా. మన ఏజెన్సీలో భూమి వ్యాపారం ఏడాది పొడవునా ఒకేలా జరగదు. దానికో సీజన్ ఉంది. ఆ సీజన్ ఎండాకాలం. మనం ఆ సంగతి పట్టించుకోవడం లేదు, వ్యాపారం చేసేవాళ్లు మాత్రం బాగా పట్టించుకున్నారు.

మైదానంలో ఎలా ఉంటుందో మీలో వైజాగ్‌లోనో రాజమండ్రిలోనో చదివినవాళ్లకి తెలుసు. ఉగాది ఆఫర్ అంటారు, అక్షయ తృతీయకి బుక్ చేస్తే బంగారు నాణెం అంటారు. పిల్లలకి సెలవులు కాబట్టి ఇంటిల్లిపాదినీ ఏసీ బస్సెక్కించి, భోజనం పెట్టి, 'సైట్ విజిట్'కి తీసుకెళ్తారు. ఎండాకాలంలో నేల గట్టిగా ఉంటుంది, కారు నేరుగా ప్లాటు దాకా పోతుంది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలిచే చోటు కూడా మే నెల్లో చక్కగా చదునుగా కనబడుతుంది. అందుకే అమ్మేవాడికి ఎండాకాలం అంటే అంత ఇష్టం.

అదే వ్యాపారం ఘాటెక్కి మన దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఎండాకాలం వాడికి అమ్మే కాలం కాదు, కొనే కాలం. కింద 42, 43 డిగ్రీల ఎండ కాస్తుంటే పైన రాత్రి దుప్పటి కప్పుకోవాలి. ఆ దుప్పటి చలే వాడి సరుకు. కానీ చల్లగాలి కంచె వేస్తే ఆగదు కదా. అందుకని కంచె వేయగలిగిన దాని కోసం వెతుకుతాడు. మంచి రోడ్డు దగ్గర, కొండ కనబడే గరువు, దాని పక్కన ఎండని ఊట. వానాకాలంలో ప్రతి వాగూ పారుతుంది, ఏది అసలుదో తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో పారేదే నిజమైన నీరు. అంటే మన ఊళ్లు బతుకుతున్న నీరే. మన గ్రావిటీ కుళాయికి వచ్చేదీ అదే, పశువులు తాగేదీ అదే. వాడు వెతుక్కుంటూ వచ్చి పెట్టుకునే వేలు సరిగ్గా దానిమీదే పడుతుంది.

ఇక మన వైపు చూడండి. మన చేతిలో డబ్బులాడేది ఎప్పుడు? కాఫీ పళ్లు కోసి అమ్మిన రోజుల్లో. అది సంక్రాంతి దాటి కొన్నాళ్లకే అయిపోతుంది. పసుపు, చింతపండు, కొండచీపుర్లు అమ్మితే సంత ఖర్చులు వెళ్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి పెళ్లిళ్లు. ఇల్లు నేయించాలి, వానలు పడేలోపు విత్తనం సమకూర్చుకోవాలి. జూన్‌లో పిల్లల కాలేజీ ఫీజు, హాస్టల్ సామాను. ఈ మధ్యలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి కేజీహెచ్‌కి దించాల్సి వస్తే, అక్కడ మంచం ఉచితమే గానీ తోడు వెళ్లినవాళ్ల తిండికీ, బయట పరీక్షలకీ అప్పు చేయాల్సిందే. పాత రోజుల్లో షావుకారు సరిగ్గా ఈ నెలల్లోనే అప్పిచ్చేవాడు, పంటకి కోసుకుపోయేవాడు. ఇప్పుడు కారులో వచ్చేవాడు అప్పు అనడు, 'అడ్వాన్సు' అంటాడు.

మా చిన్నాన్న సంగతి చెప్తా. పేర్లు చెప్పను, ఊరూ చెప్పను. ఇలాంటి ఇల్లు మీ ఊళ్లో కూడా ఉంటుంది కాబట్టి పేరుతో పని లేదు.

చిన్నాన్నకి గెడ్డ ఒడ్డున 60 సెంట్లు. చోడి వేసేవాడు, ఒక మూల వలిసెలు. ఆ ఏడు చెల్లి పెళ్లి పెట్టుకున్నాడు. కారాయన నేరుగా చిన్నాన్న దగ్గరికి రాలేదు. మా పెదనాన్న కొడుకు దగ్గరికొచ్చాడు. డిగ్రీ చదివి, డీఎస్సీ కోసం చూసి చూసి, ఖాళీగా ఉన్నాడు అన్న. "నువ్వు చదువుకున్నోడివి, నీలాంటోడు లోకల్‌గా నిలబడితే ఇక్కడ మంచి రిసార్ట్ వస్తాది, నువ్వే మేనేజర్" అన్నాడంట. కాగితం ఎలా రాశారో చూడండి: చిన్నాన్న తన 60 సెంట్లని సొంత అన్న కొడుక్కి 33 ఏళ్ల లీజుకిచ్చాడు. ఇచ్చిందీ ఎస్టీయే, తీసుకున్నదీ ఎస్టీయే. చట్టానికి ఏం దొరుకుతుంది? చిన్నాన్న చేతికి 1,20,000 ఇచ్చారు. అన్నకి 20,000 కమీషన్. ఇవి కాక అన్న దగ్గర రెండు ఖాళీ చెక్కుల మీద, ఒక ప్రామిసరీ నోటు మీద సంతకాలు తీసుకున్నారు. 'ఫార్మాలిటీ' అన్నారంట.

12 టెంట్లు వేశారు. సీజన్లో ఒక టెంటుకి రాత్రికి 1500. అన్నీ నిండితే ఒక్క రాత్రికి 18,000. నేను చదివిన లెక్కలు తక్కువే గానీ ఈ లెక్క మాత్రం చేశాను. 33 ఏళ్లకి చిన్నాన్నకిచ్చిన సొమ్ము వాళ్లకి ఏడు రాత్రుల్లో వచ్చేసింది.

మేనేజర్ అన్నవాడు మూడో నెలకి బొంగులు నరికి, కోడి కోసి, పొద్దున్నే సీసాలు ఏరేవాడయ్యాడు. అదీ పర్వాలేదు, పనికి సిగ్గేంటి. అసలు దెబ్బ నీళ్ల దగ్గర పడింది. కంచె ఊట పైనుంచి పోయింది. టెంట్ల బాత్రూములకి మోటారు పెట్టారు. మే రెండో వారానికి కింద వీధి కుళాయికి నీళ్లు రాలేదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లారు. అక్కడ కారాయన ఎందుకుంటాడు? ఉన్నది మా అన్న. లీజు కాగితం అతని పేరు మీదే, తాళం చెవి అతని చేతిలోనే. మా అమ్మ, అతని అమ్మ, ఇద్దరూ కంచెకి అటొకరు ఇటొకరు నిలబడి తిట్టుకున్నారు. ఇరవై ఏళ్లు ఒకే కుంపటి దగ్గర కూర్చున్న తోడికోడళ్లు. ఊళ్లో గొడవ కొండ మీదికీ మైదానానికీ మధ్య జరగలేదు, మా ఇంట్లోనే జరిగింది. ఈ వ్యాపారం తెలివంతా అక్కడే ఉంది.

ఇప్పుడు చట్టం సంగతి. మనలో చాలామందికి '1/70 ఉంది, మన భూమి ఎవడూ కొనలేడు' అన్నంతవరకే తెలుసు. అంతకంటే కొంచెం ఎక్కువ తెలుసుకోవాలి.

ఈ రక్షణ నిన్నా మొన్నా పుట్టింది కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం చేశారు. తర్వాత 1959లో మొదటి రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని గట్టిగా బిగించింది 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అనేది. అది 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఎవరమ్మినా, ఎస్టీ అమ్మినా గిరిజనేతరుడు అమ్మినా, కొనేది ఎస్టీ అయ్యుండాలి, లేదా పూర్తిగా ఎస్టీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయ్యుండాలి. లేకపోతే ఆ బదిలీ చెల్లదు. ఇంకో మాట కూడా ఉంది: గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బరువు వాడి మీదే. ఇదంతా రాజ్యాంగబద్ధమేనని 1988లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదంది.

మన కుర్రాళ్లు ఎక్కువగా మోసపోయేది 'లీజు' అన్న మాట దగ్గర. "అమ్మట్లేదు కదా, లీజే కదా, తప్పేంటి" అంటారు. ఆ రెగ్యులేషన్‌లో 'బదిలీ' అంటే ఏంటో రాసుంది. అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి, వాటికోసం చేసుకున్న ఒప్పందం, అన్నీ అందులోకే వస్తాయి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసినా, నోటరీ ముద్ర కొట్టినా, 11 నెలలకే అని రాసినా, గిరిజనేతరుడికిచ్చిన కాగితం చెల్లని కాగితమే. నోటరీ ముద్ర చూసి భయపడే అలవాటు మనకి పోవాలి. ఆ ముద్ర సంతకం నీదే అని చెప్తుంది, హక్కు వాడిదని చెప్పదు.

అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లకి ఇంకో విషయం. 2006 చట్టం కింద వచ్చిన ఆ భూమి వారసులకి వస్తుంది గానీ అమ్మడానికి, ఇంకొకరికి రాసివ్వడానికి లేదు. ఎస్టీకి కూడా. పైగా పెళ్లయినవాళ్లకి ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంటుంది. మొగుడొక్కడి సంతకంతో పోడు భూమి 'ఇచ్చేశాం' అని ఎవరైనా అంటే, అక్కా, నీ సంతకం ఎక్కడుందో అడుగు.

ఇక శిక్ష. చట్టాన్ని మీరి భూమి తీసుకున్నవాడికి ఏడాది దాకా జైలు, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ 2000 అన్న అంకె 1978లో పెట్టింది. ఇప్పుడు అదే భూమి మీద కట్టిన రిసార్ట్‌లో ఒక్క రాత్రి గది అద్దె అంతకంటే ఎక్కువ. సవరించాల్సింది ఏదైనా ఉందంటే నా మటుకు అదే.

కానీ సవరణ అన్న మాట వచ్చినప్పుడు అది ఎటునుంచి వచ్చిందో గుర్తుందా? 2025 జనవరి చివర్లో, టూరిజం పెట్టుబడిదారుల సభలో, సాక్షాత్తూ స్పీకర్ నోటి నుంచి. టూరిజం పెరగాలంటే 1/70ని మార్చాలన్నారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ మొత్తం బంద్ పాటించింది. పార్టీలు పక్కనపెట్టి సంఘాలన్నీ రోడ్డెక్కాయి. చట్టాన్ని మార్చే ఆలోచనే లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ రెండ్రోజులు నేనూ రోడ్డు మీదే ఉన్నా, మా అన్న కూడా నా పక్కనే ఉన్నాడు, జెండా పట్టుకుని. తర్వాత ఎండాకాలంలోనే లీజు కాగితం మీద సంతకం చేసింది కూడా అతనే. ఇది అతన్ని తక్కువ చేయడానికి రాయడం లేదు. ఫిబ్రవరిలో మనం కాపాడుకున్నది చట్టాన్ని. ఏప్రిల్‌లో చట్టం జోలికి ఎవరూ పోలేదు, మన సంతకం కోసం వచ్చారు. చట్టం మారకుండానే పని జరిగిపోతుంటే వాళ్లు చట్టం మారాలని ఎందుకు పట్టుబడతారు?

అసలు విషయం ఇదే. ఏజెన్సీలో రియల్ ఎస్టేట్ ఏటేటా పెరుగుతోందంటే, అది చదువుకుని ఖాళీగా ఉన్న మన కుర్రాళ్ల పేర్ల మీద పెరుగుతోంది. బయటివాడి పేరుతో ఒక్క సెంటు కూడా రాదు. వాడికి ఒక ఆధార్ కావాలి, ఒక కుల ధ్రువపత్రం కావాలి, ఊళ్లో 'అన్నా' అని పిలిపించుకునే ఒక మొహం కావాలి. కమీషన్ పేరుతో వాడు కొంటున్నది అదే. కొన్నిచోట్ల ఎస్టీ అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆమె పేరున భూములు పెడుతున్న కథలూ మనకి కొత్త కాదు. ఆ ఆడపిల్లల బతుకు ఏమవుతుందో ఇంకో వ్యాసంలో రాయాలి, ఇక్కడ ఒక్క ముక్కలో పోయే విషయం కాదు.

బినామీగా నిలబడ్డవాడికి చివరికి మిగిలేదేంటి? భూమి అతనిది కాదు, లాభం అతనిది కాదు. కరెంటు బిల్లు బాకీ అతని పేరు మీద. టూరిస్టు గెడ్డలో మునిగి చనిపోతే పోలీసులు పిలిచేది అతన్నే. కేసు పడితే ముద్దాయి అతనే. ఎదురు తిరిగితే ఖాళీ చెక్కు బ్యాంకులో వేసి బౌన్స్ కేసు పెడతామంటారు. ఆ రెండు చెక్కుల మీద ఎంత అంకె వేస్తారో మా అన్నకి ఇప్పటికీ తెలియదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటాడు.

మా అన్న నాతో వాదించిన మాటలు కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. "మైదానంలో ఎకరా ఉన్నోడు కోటీశ్వరుడు. మన దగ్గర ఐదెకరాలున్నోడు డోలీ మోస్తాడు. భూమి ధర లేకుండా చేసింది ఈ 1/70 కాదా? బ్యాంకుకెళ్తే లోను లేదు. నీ చట్టం నాకు అన్నం పెట్టిందా?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నలో ఆకలి ఉంది, దాన్ని నినాదంతో కొట్టేయకూడదు. కానీ తర్వాత ఆలోచించాను. ధర రావడం అంటే అమ్మేసినవాడికి ఒక్కసారి డబ్బు రావడం. మైదానంలో హైవేల పక్కన ఎకరాలు అమ్మి, బండి కొని, ఇల్లు కట్టి, పదేళ్లకి అదే వెంచర్లో వాచ్‌మన్‌గా చేరిన రైతులు ఎంతమంది లేరు! వాళ్లకి 1/70 లేదు, ధర బాగా వచ్చింది. బ్యాంకు సంగతీ అంతే: ఏజెన్సీ భూమిని స్వాధీనం ఇవ్వకుండా సహకార సంఘానికి గానీ, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకి గానీ తనఖా పెట్టుకోవచ్చని అదే రెగ్యులేషన్‌లో ఉంది. అప్పు తీర్చలేకపోతే వేలంలో కొనేది మళ్లీ ఎస్టీయే అయ్యుండాలి, అంతే. ఇవ్వకూడదని చట్టం అనలేదు. ఇవ్వడం లేదు. ఆ పోట్లాట బ్యాంకు మేనేజర్ గదిలో జరగాలి, ఐటీడీఏ ముందు జరగాలి. ఇన్నేళ్లలో మనం దానికోసం ఎన్నిసార్లు ధర్నా చేశాం? ఈ తప్పులో ఉద్యమాలకి కూడా వాటా ఉంది. భూమి పోకుండా చూడమన్నాం గానీ ఆ భూమి మీద కుర్రాడు ఎలా బతకాలో చెప్పడం తక్కువే చేశాం.

టూరిజం వద్దనే మాట నాది కాదు. టూరిస్టు వస్తాడు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి పడ్డాక ఇంకా వస్తాడు. రోడ్డు కావాలని అడిగింది మనమే, డోలీ మోతలు తప్పాలని. అదే రోడ్డు మీద అంబులెన్సు వస్తుంది, తెల్ల కారూ వస్తుంది. వచ్చినవాడికి టెంటు వేసి అన్నం పెట్టే పని మనం చేసుకోలేనంత గొప్పదేం కాదు. మా అన్న మూడు నెలలు చేసింది అదే కదా, వేరేవాడి కోసం. పూర్తిగా ఎస్టీలే సభ్యులుగా ఉన్న సంఘానికి భూమి తీసుకునే హక్కు 1/70 ఇచ్చింది. పది ఇళ్లు కలిసి సంఘం పెట్టుకోవచ్చు. ఊట జోలికి పోకుండా ఎక్కడ టెంట్లు వేయాలో, ఎన్ని వేయాలో ఊరే చెప్పొచ్చు. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితుల పేరుతో స్థానికులు టూరిజం నడుపుతున్న నమూనా ఉంది. అందులో లోపాలుంటే ఉండనీ. వెళ్లి చూసి, లెక్కలడిగి, మంచిది తెచ్చుకుందాం.

ఒక హెచ్చరిక, ముఖ్యంగా షెడ్యూల్ బయట ఉన్న మన ఊళ్ల కోసం. నాతవరం, రోలుగుంట, దేవరాపల్లి లాంటి మండలాల్లో కొండ దిగువన ఉన్న ఆదివాసీ ఊళ్లకి 1/70 రక్షణ లేదు. అక్కడ మనవాళ్లకున్నది ఎక్కువగా డి-పట్టా భూమి, జీడిమామిడి తోట. జీడిపిక్కలు రాలే కాలం కూడా ఎండాకాలమే, వాళ్లకి ఏడాది తిండి అదే. 2023లో అసైన్డ్ భూముల చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అసలు పట్టాదారు అమ్ముకోవచ్చన్నారు. హక్కు ఇచ్చామన్నారు. ఆ హక్కు వెనకాలే ఫామ్‌హౌస్ బేరాలూ వచ్చాయి. అక్కడి తమ్ముళ్లు ఘాట్ పైనున్న మాకంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు సంతకం పెడితే ఇక వెనక్కి రాదు. ఆ ఊళ్లని ఐదో షెడ్యూల్లో కలపాలన్న పాత డిమాండ్‌ని ఇప్పుడు ఎందుకు గట్టిగా అడగాలో ఇది ఒక్కటి చాలు.

తెలంగాణ మిత్రులు ఇది చదివితే నవ్వుకుంటారేమో. భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు ఈ బినామీ కథ వాళ్లకి పాతదే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభ పెట్టుకుంది కూడా చేజారుతున్న భూముల గురించే. ఆ సభ మీదే కాల్పులు జరిగాయి. అదీ ఎండాకాలమే.

మా ఊళ్లో ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పి ఆపేస్తా.

పీసా చట్టం 1996ది. భూమి పరాయిపాలు కాకుండా ఆపే అధికారం, పోయినదాన్ని తిరిగి తెచ్చే అధికారం గ్రామసభకి గానీ పంచాయతీకి గానీ ఉండాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. ఆ నియమాల పుస్తకం మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఫోన్లో దింపుకుని, సంత రోజున ప్రింటు తీయించి, రెండు రాత్రులు చదివి పెద్దవాళ్లకి మా భాషలో చెప్పాం. తర్వాత గ్రామసభ పెట్టాం. ఊటకి అటూ ఇటూ కంచె ఉండకూడదని తీర్మానం రాశాం. 60 సెంట్లు నిజంగా ఎవరి స్వాధీనంలో ఉందో విచారించమని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి అర్జీ రాశాం. అర్జీ మీద చిన్నాన్న వేలిముద్ర వేశాడు. వేసి, "పిల్ల పెళ్లికి తీసుకున్న డబ్బు ఎలా కట్టాలిరా" అని అడిగాడు. దానికి ఇంకా మా దగ్గర జవాబు లేదు. ఊరంతా తలా కొంత వేసుకుందామని ఒక ముసలాయన అన్నాడు. అందరూ ఒప్పుకోలేదు.

అన్న సంతకం ఇంకా పెట్టలేదు. అతను నోరు విప్పి 'డబ్బు నాది కాదు, నా పేరు మాత్రమే వాడారు' అని చెప్తే కేసు నిలబడుతుంది. చెప్తే చెక్కులు బ్యాంకుకి పోతాయేమోనని భయం. పెద్దమ్మ రోజూ ఏడుస్తోంది. మేం బలవంతం చేయడం లేదు. పాడేరులో తెలిసిన లాయరు దగ్గరికి వచ్చే సోమవారం అన్నని తీసుకెళ్తున్నాం, ముందు ఆ చెక్కుల సంగతి తేల్చుకోవాలి. మీలో ఎవరైనా ఇలాగే ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. మీ ఊరి సంఘానికి చెప్పండి, మాకైనా రాయండి. నలుగురు కలిసి వెళ్తే లాయరు కూడా కాస్త గట్టిగా మాట్లాడతాడు.

ఈ ఏడు ఇటుకల పండగకి పిల్లలు మళ్లీ కర్ర పెడతారు. డబ్బులు తీసుకోమన్నాం, పాటలు పాడమన్నాం. గెడ్డ గురించి ఎవరైనా అడిగితే మాత్రం నవ్వి ఊరుకుని, బండి నంబరు రాసుకోమన్నాం.